పెట్ట కింద నీళ్ళ గిన్నె లేదు: చీపురుపల్లి దగ్గర ఒక ఇంటి ఇంక్యుబేటర్, నాలుగు విడతలు

పిల్లలు కాని గుడ్లను చాటలో పెట్టి, ఆ ఇల్లాలు పెరటి అరుగు మీదికి తెచ్చింది. మొత్తం 29. ఇంక్యుబేటర్‌లో పెట్టినవి 40, పిల్లలైనవి 11. "మూడు వారాలు పసిబిడ్డను చూసినట్టు చూసుకున్నాను బాబూ, చివరికి ఇంతేనా?" అని అడిగింది. గుడ్లు పారేయవద్దని, నేను వచ్చేదాకా అలాగే ఉంచమని ముందురోజే ఫోనులో చెప్పాను. పొదగడం ఎక్కడ చెడిందో తెలియాలంటే ముందు ఆ గుడ్లనే అడగాలి. వాటిని పెంటలో వేసేస్తే ఇక మిగిలేవి ఊహలే.

విజయనగరంలో ఇంటి ఇంక్యుబేటర్లు తయారుచేయడం, బాగుచేయడం నా వృత్తి. ఈ కుటుంబం చీపురుపల్లి నుంచి గరివిడి వెళ్ళే దారికి కొంచెం లోపలగా ఉన్న ఊరిలో ఉంటుంది. పదిహేడు నాటు పెట్టలు, ఒక ముసలి పుంజు. జూన్, జూలైలలో పిల్లలను లేపితే సంక్రాంతి నాటికి అమ్మకానికి వస్తాయని ఆమె ఆలోచన. ఇంక్యుబేటర్ పెట్టెను బంధువు ఒకరు చేసి ఇచ్చారు. మందపాటి థర్మోకోల్ పెట్టె, రెండు 40 వాట్ల బల్బులు, పాత కంప్యూటర్ నుంచి తీసిన చిన్న ఫ్యాను, వేడిని బట్టి బల్బులను వెలిగించి ఆర్పే ఒక థర్మోస్టాట్ బోర్డు, అడుగున నీళ్ళ గిన్నె, పక్కన అంకెలు చూపే తేమ మీటరు. చేసిన పని శుభ్రంగానే ఉంది. వేడి 37.7 డిగ్రీలు, తేమ 55 శాతం, మొదటి రోజు నుంచీ గిన్నెలో నీళ్ళు ఉండాలి అని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నారు. ఆమె దానిని అక్షరం తప్పకుండా పాటించింది.

ఇంత శ్రద్ధ పెట్టిన మనిషికి 11 పిల్లలే దక్కడం నన్ను బాధించింది. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను.

చాటలోని గుడ్లు చెప్పినది

గుడ్లను ఒక్కొక్కటిగా మొద్దువైపు నుంచి, అంటే గాలి గది ఉన్న వైపు నుంచి పగలగొట్టి చూశాం. ఈ పని ఆరుబయట చేయాలి. మురిగిన గుడ్డు ఒక్కటి పేలినా ఇల్లంతా వాసనే. ఆమె పక్కన కూర్చుని లెక్క రాసింది. అసలు పిండమే ఏర్పడని గుడ్లు 6. మొదటి వారంలోనే ఆగిపోయి, లోపల నెత్తుటి ఉంగరంలాంటి గీత మిగిలినవి 5. పెంకుకు చిల్లు పెట్టి, బయటికి రాలేక చనిపోయినవి 3. మిగతా 15 గుడ్లలో పిల్ల పూర్తిగా తయారై ఉంది. ఈకలు, ముక్కు, గోళ్ళు అన్నీ ఉన్నాయి. ముక్కు మాత్రం పెంకును తాకలేదు.

ఆ 15 మీదే నా దృష్టి నిలిచింది. పెంకు తీయగానే నీళ్ళు కారాయి. పిల్లలు ఉబ్బి, తడిసి ముద్దగా ఉన్నాయి. కొన్నింటిలో పచ్చసొన ఇంకా పొట్టలోకి వెళ్ళకుండా బయటే ఉంది. అన్నింటికంటే ముఖ్యం, గాలి గది చిన్నది. 18వ రోజుకు గుడ్డులో దాదాపు మూడో వంతు గాలి గది ఉండాలి. వీటిలో అది ఏడు, ఎనిమిది రోజుల గుడ్డులో ఉన్నంతే ఉంది.

గుడ్డు పెంకుకు కంటికి కనిపించని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. పొదిగే రోజుల్లో లోపలి నీరు వాటిగుండా ఆవిరై పోతూ ఉంటుంది. ఆ నీరు పోయినచోటికి గాలి చేరి గాలి గది పెరుగుతుంది. పిల్ల 19, 20 రోజుల ప్రాంతంలో ముందు లోపలి పొరను పొడిచి ఆ గదిలోని గాలిని పీలుస్తుంది. ఊపిరితిత్తులు మొదటిసారి పనిచేసేది అక్కడే. ఆ తర్వాతే పెంకు పగలగొట్టే బలం వస్తుంది. గది చిన్నదైతే పీల్చడానికి గాలి చాలదు, కదలడానికి చోటు చాలదు. పిల్ల తన గుడ్డులోనే మునిగిపోతుంది.

"అంటే నీళ్ళు ఎక్కువయ్యాయా? మీటరు 55 దాటనివ్వలేదే!" అంది ఆమె. నిజమే, ఆమె రోజువారీ లెక్కలో 53, 55, 54 అనే ఉన్నాయి. ఆమె రాసినదానిని నేను అనుమానించలేదు, ఆ మీటరునే అనుమానించాను.

మీటర్ల పరీక్ష

తేమ మీటరును పరీక్షించడానికి వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే చుక్కలు చుక్కలుగా నీళ్ళు వేయాలి. ఉప్పు కరిగి నీరు తేలకూడదు. ఆ మూతనూ మీటరునూ గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయాలి. తడిసిన ఉప్పు పైన గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. ఆమె మీటరు మర్నాడు ఉదయం 62 చూపింది. అంటే 13 తక్కువ. ఆమె 55 అనుకున్న రోజుల్లో పెట్టెలో ఉన్నది 68 దాకా. అది చివరి మూడు రోజుల్లో ఉండవలసిన తేమ. మొదటి రోజు నుంచీ అదే ఉంది.

వేడి సంగతి కూడా చూశాను. ఫ్లాస్కులో 38 డిగ్రీల ప్రాంతంలో ఉండే గోరువెచ్చని నీళ్ళు పోసి, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరునూ థర్మోస్టాట్‌కు వేడి తెలిపే తీగనూ పక్కపక్కనే ముంచాను. జ్వరం థర్మామీటరు 37.8 అంటే థర్మోస్టాట్ 38.5 అంది. అంటే పెట్టె 37.7 చూపుతున్నప్పుడు గుడ్లకు అందింది 37 మాత్రమే. పిల్లలు 21వ రోజుకు కాక 22వ రోజు సాయంత్రం మొదలయ్యాయని ఆమె చెప్పినదానికి ఇది సరిపోయింది. వేడి తక్కువైతే పొదగడం ఆలస్యమవుతుంది; పిల్లలు మెత్తగా, బొడ్డు మూసుకోకుండా వస్తాయి. వేడి ఎక్కువైతే త్వరపడి చిన్నగా, నీరసంగా వస్తాయి, కానీ అప్పటికే చాలా గుడ్లు పోయి ఉంటాయి. తక్కువ వేడి కొంతవరకు క్షమిస్తుంది. 39.5 దాటిన వేడి కొన్ని గంటలు నిలిస్తే క్షమించదు.

థర్మోస్టాట్ బోర్డులో ఇంకో లోపం ఉంది. అది 2 డిగ్రీల తేడాతో పనిచేసేలా అమర్చి ఉంది. బల్బు 37.7 దగ్గర ఆరిపోతే మళ్ళీ 35.7కు పడేదాకా వెలగదు. ఆ తేడాను 0.3కు తగ్గించాను. తీగను బల్బు పక్క నుంచి తీసి, గుడ్ల పైఅంచు ఎత్తులో పెట్టె మధ్యకు జరిపాను. బల్బులకు అడ్డంగా అల్యూమినియం రేకు కట్టి, ఫ్యాను గాలి నేరుగా గుడ్ల మీద కొట్టకుండా తిప్పాను. అంతకుముందు మూలమూలకూ 1 డిగ్రీకి పైగా ఉన్న తేడా దీంతో చాలావరకు తగ్గింది. ఫ్యాను లేని పెట్టె అయితే లెక్క వేరు. అందులో వేడి గాలి పైన చేరుతుంది కాబట్టి గుడ్డు పైఅంచు దగ్గర 38.6 నుంచి 38.9 దాకా ఉంచాలి.

మామ్మగారి ప్రశ్న

మేము ఉప్పు, ఫ్లాస్కు అంటూ హడావుడి పడుతుంటే ఆ ఇంటి అత్తగారు గడప దగ్గర కూర్చుని అన్నీ చూస్తున్నారు. ఆవిడ వయసంతా పెట్టల కింద గుడ్లు పెట్టి పిల్లలు చేయించిన మనిషి. గంపలో ఊక పోసి, బేసి లెక్కన గుడ్లు పెట్టి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక ఇనుప మేకు, రెండు బొగ్గు ముక్కలు వేసే పద్ధతి ఆవిడది. అంతా విని ఒకటే అడిగారు: "పెట్ట కింద నీళ్ళ గిన్నె ఎవరు పెట్టారు బాబూ?"

ఇన్నేళ్ళుగా నేను చెబుతూ వస్తున్న విషయాన్ని ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

లెక్కలో పెడితే ఇలా ఉంటుంది. గాలి వేడెక్కేకొద్దీ ఎక్కువ ఆవిరిని మోయగలుగుతుంది. అందుకే అదే గాలిని వేడి చేస్తే, ఉన్న ఆవిరి మారకపోయినా తేమ శాతం పడిపోతుంది. వానాకాలంలో మన తీరపు జిల్లాల గాలి 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమతో ఉందనుకుందాం. దానిని పెట్టెలో 37.7కు వేడి చేస్తే శాతం దాదాపు 49కి వస్తుంది. మొదటి 18 రోజులకు గుడ్డుకు కావలసింది 45 నుంచి 55. చుక్క నీరు పెట్టకుండానే అది దొరికేసింది! దాని మీద గిన్నెడు నీళ్ళు పెడితే అది 60 దాటి 70 వైపు వెళుతుంది. పొడి గాలి ఉన్నచోట, చలిదేశంలో వెచ్చబెట్టిన గదిలో, నీళ్ళు తప్పనిసరి. గోడ మీది కాగితం అలాంటి చోటి నుంచి వచ్చింది.

అందుకే ఆమెకు మీటరు కంటే తూకం చూడమని చెప్పాను. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా, గ్రాములో పదో వంతు చూపేది, ఒకటి ఉంటే చాలు. పది గుడ్లను విడివిడిగా తూచి, పెంకు మీద పెన్సిల్‌తో బరువు రాయాలి. పెన్ను వద్దు. 18వ రోజుకు వాటి బరువు సగటున 12, 13 శాతం తగ్గాలి. ఏడో రోజుకు దాదాపు 5 శాతం, పద్నాలుగో రోజుకు 9 నుంచి 10. ఎక్కువ తగ్గితే నీళ్ళ గిన్నె పెట్టాలి, తక్కువ తగ్గితే తీసేయాలి. గిన్నె లోతుకు విలువ లేదు. నీటి పైభాగం ఎంత వెడల్పుగా ఉంటే అంత తేమ. పది గుడ్లలో ఒకటి పిండం లేనిదని తేలితే దానిని లెక్కలోంచి తీసేసి మిగతావాటి మొదటి బరువుతో పోల్చాలి. ఒక్కో గుడ్డు పెంకు మందాన్ని బట్టి కొంచెం అటూఇటూ ఉంటుంది, కాబట్టి సగటును నమ్మాలి.

ఆగస్టు విడత

పెట్టెను బాగుచేయడం ఒకరోజు పని. పెట్టెలోకి చేరకముందు గుడ్డుకు జరిగేదానిని సరిచేయడానికి ఎక్కువ సమయం పట్టింది. ఆమె 15 రోజులుగా పోగైన గుడ్లను ప్లాస్టిక్ బుట్టలో ఫ్రిజ్ నెత్తిన పెట్టింది. ఆ చోటు ఇంట్లోకెల్లా వేడి. గుడ్డు పెట్ట కడుపు నుంచి వచ్చేసరికే పిండంలో వేల కణాలు ఉంటాయి. 21 డిగ్రీలకు పైన అది పూర్తిగా నిద్రపోదు. 33, 34 డిగ్రీల గదిలో కొంచెం పెరుగుతూ, ఆగుతూ బలహీనపడి చనిపోతుంది. నెత్తుటి ఉంగరం కనిపించిన ఆ 5 గుడ్లకు నేను అనుమానించిన కారణం ఇదే. 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచితే మేలు. అది మన ఇళ్ళలో కుదరదు. ఫ్రిజ్ లోపల పెడితే చల్లదనం ఎక్కువ, పైగా బయటికి తీయగానే పెంకుకు చెమట పడుతుంది, ఆ తడితో క్రిములు లోపలికి దిగుతాయి. మాకు కుదిరిన దారి ఒకటే: తడి ఇసుక మీద మట్టి కుండ, ఇంట్లో చల్లని మూల, మొనవైపు కిందికి, ఏడు రోజులకు మించకుండా. ఏడు రోజుల్లో 40 గుడ్లు కాకపోతే 30 పెట్టండి. ఈ మాట చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోరు. పెట్టె నిండాలని చూస్తారు. పెట్టెను నింపడం కోసం పాతబడిన గుడ్డు పెడితే అది మురిగి, పక్కనున్న మంచివాటినీ చెడగొడుతుంది.

మట్టి అంటిన గుడ్లను ఆమె చన్నీళ్ళతో కడిగేది. అది మానిపించాను. చల్లని నీరు తగిలితే గుడ్డు లోపలిది ముడుచుకుని మురికి నీటిని రంధ్రాల్లోంచి లోపలికి లాగుతుంది. ఎండిన మట్టిని మెత్తగా గీకితే చాలు. బాగా మురికిగా ఉన్నది, పగులు ఉన్నది, మరీ పొడుగైనది, మరీ చిన్నది వంటకు వాడుకోవచ్చు. గుడ్లున్న పెట్టెకు ఇంట్లో క్రిములను చంపే ఫార్మలిన్ పొగ పెట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. అది మనిషి ఊపిరికి చెడు.

తిప్పడం గురించి. పొద్దున, రాత్రి రెండుసార్లు తిప్పేది. పెట్ట తన గుడ్లను రోజుకు పదుల సార్లు కదుపుతుంది. తిప్పకపోతే పిండం పక్కనున్న పొరకు అంటుకుంటుంది, మొదటి వారంలో ఇది మరీ ప్రమాదం. ఒకవైపు సున్నా, ఒకవైపు గుణకారపు గుర్తు గీసుకుని ఉదయం 5, 9, మధ్యాహ్నం 1, సాయంత్రం 5, రాత్రి 10 గంటలకు తిప్పమన్నాను. ఐదు బేసి సంఖ్య. రాత్రంతా పైకి ఉన్న వైపు మరుసటి రాత్రి కిందికి వస్తుంది. మామ్మగారి బేసి లెక్క ఇక్కడ పనికొచ్చిందని కోడలు నవ్వింది.

పుంజు సంగతి త్వరగా ముగిస్తాను. పదిహేడు పెట్టలకు ఒక ముసలి పుంజు చాలదు. ఎనిమిది, పది పెట్టలకు ఒకటి ఉండాలి. అప్పటికప్పుడు ఇంకో పుంజు దొరకలేదు, శీతాకాలానికి దొరికింది. తిండి మాత్రం వెంటనే మారింది. నూకలు, తవుడు మాత్రమే తినే పెట్ట గుడ్డులో పిండానికి కావలసిన విటమిన్లు చాలినన్ని ఉండవు. చోళ్ళు (రాగులు), మునగాకు, ఎండు చేపల పొడి కలిపారు.

ఆగస్టులో 40 గుడ్లు పెట్టారు, నీళ్ళు లేకుండా. గుర్తు పెట్టిన పది గుడ్ల బరువు మొదట 438 గ్రాములు. ఏడో రోజుకు 418, పద్నాలుగో రోజుకు 397, పద్దెనిమిదో రోజుకు 384. తగ్గింది 54 గ్రాములు, 12.3 శాతం. ఏడో రోజు రాత్రి చీకటి గదిలో టార్చి వెలుగుకు పెట్టి చూసి, ఏమీ కనిపించని 5 గుడ్లను, నెత్తుటి ఉంగరం ఉన్న 2 గుడ్లను తీసేశారు. పద్నాలుగో రోజు ఇంకొకటి పోయింది. 32 గుడ్లు చివరి దశకు వెళ్ళాయి. 27 పిల్లలయ్యాయి. 21వ రోజు తెల్లవారుజామున మొదటి కూత వినబడిందని ఆమె నాకు ఫోను చేసినప్పుడు ఆ కూతలు ఇవతలికి కూడా వినిపించాయి.

ఆ విడతలో పదకొండో రాత్రి గాలివానకు కరెంటు ఐదు గంటలు పోయింది. వాళ్ళు వేడినీళ్ళ సీసాలు రెండు గుడ్డలో చుట్టి గుడ్లకు తగలకుండా పక్కన పెట్టి, గాలి రంధ్రాలు మూయకుండా పెట్టె మీద దుప్పటి కప్పారు. వేడి 31 దాకా పడింది. పెద్ద నష్టం జరగలేదు. కరెంటు పోయినప్పుడు కంగారుపడి మరిగే నీళ్ళు పెట్టి గుడ్లను ఉడికించినవాళ్ళను చూశాను, చల్లారడం వల్ల కంటే దానివల్లే ఎక్కువ పోతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో మా బంధువుల ఇంట్లో ఇలాంటి పెట్టె ఒకటి నడుస్తోంది. కరెంటు రోజుల తరబడి రాలేదు. పన్నెండు గుడ్లను అప్పటికే పొదుగుకు కూర్చున్న ఒక పెట్ట కిందికి మార్చారు. ఆ పన్నెండులోనే పిల్లలు దక్కాయి, పెట్టెలో మిగిలినవన్నీ పోయాయి. అప్పటినుంచి, పెట్టె ఉన్న ఇంట్లో కూడా పొదుగుకు వచ్చిన పెట్టను చన్నీళ్ళలో ముంచి పొదుగు మాన్పించవద్దని చెబుతున్నాను.

జనవరిలో నా తప్పు

ఆగస్టు ఫలితం చూసిన సంతోషంలో, వెళ్ళేటప్పుడు ఆమెతో ఒక మాట అన్నాను: "మన ప్రాంతంలో 18వ రోజుదాకా నీళ్ళు అక్కర్లేదమ్మా." ఆమె ఆ మాటను గోడ మీది కాగితంలో రాసుకుంది. పాత సూచన కొట్టేసి, దాని చోట నాది.

జనవరి మొదటి వారంలో 36 గుడ్లు పెట్టింది. నీళ్ళు పెట్టలేదు. నియమం తెలుసు కదా అని ఏడో రోజు తూకం వేయలేదు. పద్నాలుగో రోజు ఎందుకో అనుమానం వచ్చి తూచింది. మొదట 431 గ్రాములున్న పది గుడ్లు 374కు వచ్చేశాయి. 13.2 శాతం! పద్దెనిమిది రోజులకు పోవలసినదానికంటే ఎక్కువ పద్నాలుగు రోజుల్లోనే పోయింది.

నేను మరచిపోయినది చలికాలపు గాలిని. తెల్లవారుజామున 22 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలిని 37.7కు వేడి చేస్తే మిగిలేది 30 శాతమే. బయట మంచు కురుస్తున్నట్టే ఉంటుంది, కానీ పెట్టెలో గాలి పొడి. అదే ఇల్లు, అదే పెట్టె, అదే మనిషి. మారింది నెల. ఆ సంగతి తెలిసి కూడా నేను తూకాన్ని పక్కనబెట్టి నియమం చెప్పాను.

వెంటనే వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పెట్టి, తేమను 60కి తెచ్చాం. తర్వాతి నాలుగు రోజుల్లో తగ్గింది 9 గ్రాములే. 18వ రోజుకు 365, అంటే 15.3 శాతం. పిండం లేనివి 3, ముందే ఆగినవి 2 పోగా 31 చివరి దశకు వెళ్ళాయి. 17 వాటంతట అవే వచ్చాయి. 6 గుడ్లు చిల్లు పెట్టి ఆగిపోయాయి. లోపలి పొర ఎండి, పిల్ల ఒంటికి తోలులా అతుక్కుపోయింది. మిగతా 8లో చప్పుడే లేదు.

ఆ ఆరింటి దగ్గర ఆమె రాత్రంతా కూర్చుంది. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. చిల్లు పెట్టిన పిల్ల బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. ఆ సమయంలో అది ఊరికే లేదు; పొరలోని నెత్తురునూ పచ్చసొననూ లోపలికి తీసుకుంటోంది. మొదటి విడతలో ఆమె నాలుగు గంటలకే ఓపిక పట్టలేక పెంకు ఒలిచింది, నెత్తురు కారి రెండు పోయాయి. ఈసారి 24 గంటలు ఆగాం. ఆ తర్వాత గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో పొరను తడిపి, చిల్లు చుట్టూ కొద్దికొద్దిగా పెంకు తీశాం. నెత్తురు కనిపిస్తే ఆపి, మళ్ళీ కొన్ని గంటలు పెట్టెలో ఉంచాం. రెండు బతికాయి. మొత్తం 19. నాలుగు చేతుల్లోనే పోయాయి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. గోడ మీది కాగితాన్ని మాత్రం చింపేసింది.

ఫిబ్రవరి నుంచి

ఫిబ్రవరి రెండో వారంలో 40 గుడ్లు. కొత్త పుంజు వచ్చి నెల దాటింది. ఈసారి నేను ఏ నియమమూ చెప్పలేదు. చిన్న డబ్బా మూతలో నీళ్ళతో మొదలుపెట్టి, రెండు రోజులకొకసారి తూచి, తగ్గుదలను బట్టి మూతను పెట్టడం, తీయడం ఆమే చూసుకుంది. పది గుడ్లు 442 దగ్గర మొదలై ఏడో రోజుకు 420, పద్నాలుగుకు 400, పద్దెనిమిదికి 387 అయ్యాయి. తగ్గింది 12.4 శాతం. పిండం లేనివి 3, ముందే ఆగినవి 2. 35 చివరి దశకు వెళ్ళి 32 పిల్లలయ్యాయి.

చివరి మూడు రోజులు ఆమె నడిపిన తీరు ఇది. 18వ రోజు తిప్పడం ఆపేసి, పిల్లల కాళ్ళు జారకుండా గుడ్ల కింద శుభ్రమైన గోనె పరిచింది. పళ్ళెం నిండా నీళ్ళు, తడి స్పాంజి. తేమ 65 నుంచి 70. గాలి రంధ్రాలన్నీ తెరిచింది, ఎందుకంటే ఆ రోజుల్లో పిల్లకు ప్రాణవాయువు అన్నిటికంటే ఎక్కువ కావాలి. మొదటి విడతలో వేడి పోతుందని ఆ రంధ్రాలను ఆమె గుడ్డతో మూసేసింది. ఇక పెట్టె మూత తెరవలేదు. తెరిచిన ప్రతిసారీ తేమ ఒక్కసారిగా పడిపోయి, చిల్లు పెట్టిన గుడ్ల పొర ఎండిపోతుంది. ముందు వచ్చిన పిల్ల ఆకలితో ఉంటుందని భయపడనవసరం లేదు. అది పొట్టలోకి తీసుకున్న పచ్చసొనతో రెండు రోజులు నిలవగలదు. అది అరుస్తుంటే గుడ్డులో ఉన్నవి కూడా కదులుతాయి.

ఆరిన పిల్లలను బయటికి తీశాక 35 డిగ్రీల వెచ్చదనంతో బల్బు కింద ఉంచి, వారానికి దాదాపు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ వచ్చారు. మొదటి వారంలోనే కొక్కెర తెగులుకు (రాణిఖేత్) కంటి చుక్కల టీకా వేయించారు. పిల్లలు అకారణంగా పోతుంటే చనిపోయినదానిని గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళి చూపించమని చెప్పాను. ఇంటికి అంత దగ్గరలో ఉన్నప్పుడు ఊహించి మందులు వేయవలసిన పని లేదు.

పన్నెండు పిల్లలను మామ్మగారు తన పద్ధతిలో తీసుకున్నారు. అప్పటికి పదిహేను రోజులుగా ఉత్త గంపలో పొదుగుకు కూర్చుని ఉన్న ఒక నల్ల పెట్ట ఉంది. దీపం ఆర్పాక, చీకట్లో ఒక్కో పిల్లను దాని రెక్క కిందికి జార్చారు. పగలు పెడితే కొన్ని పెట్టలు పొడుస్తాయట. తెల్లవారేసరికి అవి దాని సొంత పిల్లలే.

మే నెల విడత ఇప్పుడు నడుస్తోంది. నిన్న ఏడో రోజు తూకం చెప్పింది: 436 నుంచి 414. నీళ్ళు పోసిన డబ్బా మూత తీసేసిందట.